ఎడమ రెక్క మీద ఎర్ర దీపం

జూన్ 4, మంగళవారం

ఇరవై మూడేళ్ళుగా రోజుకో తనిఖీ రిపోర్టు రాసిన చెయ్యి ఇది. ఊరికే ఉండమంటే ఉండదు. అందుకే ఈ డైరీ. ఎవరికీ చూపించేది కాదు కనుక ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

నేను సెలవులో ఉన్నాను. 'తదుపరి ఉత్తర్వులు అందేవరకు విధులకు హాజరు కానవసరం లేదు' అని కాగితం ఇచ్చారు. సస్పెన్షన్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను. మా ఆవిడ ఒక్కసారి చదివి, "అంటే సస్పెన్షనే కదండీ" అంది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే మనిషి. ఏ కాగితం చేతికిచ్చినా అందులో రోగమే కనబడుతుంది.

జరిగింది చిన్న విషయం. మా శాఖ కార్యాలయం తొమ్మిదంతస్తుల మేడ. అందులో లిఫ్టు భేషుగ్గా ఉందని మే నెలలో నేను సర్టిఫికెట్ ఇచ్చాను. లిఫ్టుల ఇన్‌స్పెక్టర్‌ని కాబట్టి నేనే ఇవ్వాలి. పన్నెండు రోజుల తరవాత అదే లిఫ్టు అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల మా పెద్దాఫీసరు, టీ తెచ్చే మనిషి, ముప్ఫై కప్పుల టీ ఉన్న కెటిల్. మూడు గంటల నలభై నిమిషాలు. మొదటి గంట దాహానికి, రెండో గంట తోచక, పెద్దాఫీసరు ఆ టీ అంతా తాగేశారట. మూడో గంట గురించి ఇద్దరూ నోరు విప్పలేదు. ఆఫీసుకి మాత్రం కొత్త కెటిల్ కొన్నారు.

21న విచారణ. నాకేం భయం లేదు.

సెలవు ఎలాగూ వచ్చింది కదా అని, ఆరేళ్ళ కిందట కొని అటకెక్కించిన విమానాన్ని దించాను. ఒక్క మనిషి కూర్చునే పాతకాలపు యుద్ధవిమానం, అసలుదానికి నలభై ఎనిమిదో వంతు. ప్లాస్టిక్ ముక్కలు ఎవరైనా అతికిస్తారు. నేను దానికోసం విడిగా ఇత్తడి రేకు కొన్నాను. పోస్టుకార్డంత వెడల్పు, కాగితమంత పలచన. అందులో నూట పన్నెండు భాగాలు. సీటు బెల్టులు, వాటి బకిల్స్, మీటలు, గడియారాల చట్రాలు, అన్నీ సన్నని కొనలతో రేకుని పట్టుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ బ్లేడుతో కోసి, పట్టకారుతో పట్టి, వంచి, సూపర్ గ్లూతో కాక్‌పిట్‌లో అతికించాలి. అమ్మేటప్పుడు బొమ్మల కొట్టాయన "పెళ్ళయిందా సార్?" అని అడిగాడు. అయిందన్నాను. "అయితే ఇంకోసారి ఆలోచించుకోండి" అన్నాడు.

జూన్ 5, బుధవారం

ఇత్తడి బిరుసు. బెల్టు సీటు మీద బట్టలా జారి పడి ఉండాలంటే ముందు మంట మీద కాల్చి మెత్తబరచాలి. స్టవ్ వెలిగించి పట్టకారు పట్టుకుని నిలబడ్డాను. అత్తగారు కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి వచ్చారు. మాతోనే ఉంటారావిడ. డెబ్భై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు చొక్కాల కార్ఖానాలో గుండీలూ హుక్కులూ కుట్టినావిడ కాబట్టి ఎదుటివాడి ముఖం కంటే ముందు చేతులు చూస్తారు.

"ఏం వేయిస్తున్నారు అల్లుడుగారూ?"

"సీటు బెల్టు, అత్తయ్యగారూ."

"ఏదీ? కనబడదే!"

"పట్టకారు కొసన ఉంది."

తొంగి చూసి, "ఒక్కటేనా? మరి మాకో?" అన్నారు.

ఆవిడకి చెముడు లేదు. కావాలనే అంటారు.

జూన్ 6, గురువారం

రెండు భుజాల బెల్టులూ అమర్చాను. ఇక ఇందులో కూర్చున్నవాడికి ఏ ప్రమాదమూ రాదు. కూర్చునే పైలట్ బొమ్మ మాత్రం పెట్టెలో లేదు.

జూన్ 8, శనివారం

37వ నంబరు పోయింది.

ఇంజను వేగం పెంచే మీట. పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు. పట్టకారులో ఉంది. ఉంది. ఉంది. 'టింగ్' అంది. లేదు.

జూన్ 9, ఆదివారం

గదిని నా ఆధీనంలోకి తీసుకున్నాను. ఇది మా పడకగది కూడా కాబట్టి కొంత ఇబ్బంది తప్పదు. నిబంధనలు టైపు చేసి తలుపుకి అంటించాను. ఫ్యాను వెయ్యరాదు. చీపురు నిషేధం. గదిలోంచి బయటికి వచ్చేవారు గుమ్మం దగ్గర ఆగి అరికాళ్ళు చూపించాలి. నేను టేపుతో అద్ది, భూతద్దంతో పరీక్షించి పంపిస్తాను.

పొద్దున్నే ల్యాబుకి బయల్దేరుతూ మా ఆవిడ ఒంటికాలి మీద నిలబడింది. "రోజుకి రెండొందల మంది చేతుల్లో సూది గుచ్చుతాను. ఒక్కళ్ళూ నన్నింత అనుమానంగా చూడలేదు."

"అనుమానం కాదు. విధానం."

"రెండో కాలు కూడా చూడండి, నాకు బస్సు పోతుంది."

అత్తగారు ఆ కాగితం మొత్తం చదివి, "తుమ్ము వస్తే ఏం చెయ్యాలి?" అని అడిగారు.

"వరండాలోకి వెళ్ళి తుమ్మాలి."

"వరండాదాకా ఆగే తుమ్ములు ఈ వయసులో నాకు రావు నాయనా."

నిబంధన సవరించాను. తుమ్మదలచినవారు గదిలోకి రాకూడదు.

జూన్ 10, సోమవారం

మా ఆవిడ మేజోడు ఒకటి వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి తొడిగాను. దుమ్ము లోపలికి పోతుంది, మీట మేజోడు దగ్గరే ఆగిపోతుంది. మంచి ఉపాయం. మంచం కింద, బల్ల కింద, గోడ వారన అంగుళం కూడా వదల్లేదు. రెండు గుండీలు, ఒక మాత్ర, నా పాత పెన్ను మూత, చచ్చిన జెర్రి దొరికాయి. చివరికి బీరువా కాళ్ళ మధ్య గొట్టం దూర్చాను.

టక్కున ఏదో వచ్చి మేజోడుకి కొట్టుకుంది.

అది 37 కాదు. కెంపు దిద్దు.

అత్తగారు కూతుళ్ళిద్దరికీ చెరో జత చేయించారు. రెండేళ్ళ కిందట మా ఇంట్లో భోజనాలకి ఆరు కుటుంబాలు వచ్చినరోజు మా ఆవిడ దిద్దుల్లో ఒకటి పోయింది. అప్పుడు నేనే పూనుకుని ఒకటిన్నర పేజీ రిపోర్టు రాసి అందరి ముందూ చదివాను. 'గది యావత్తూ అంగుళం అంగుళం పరిశీలించడమైనది. వస్తువు గదిలో లేదు. ఆ పూట గదిలోకి ఒంటరిగా వెళ్ళిన బయటివారు ఒక్కరే.' ఆ ఒక్కరూ మా వదిన, అంటే మా ఆవిడకి సొంత అక్క. ఆవిడ తింటున్న చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళిపోయింది. ఆరోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. అత్తగారు గురువారం గురువారం పార్కులో పెద్దకూతుర్ని కలుస్తారు. నడకకి వెళ్తున్నానని చెబుతారు. నాకు తెలియదనుకుంటారు.

ఆరోజు బీరువా జరపలేదు. అది చాలా బరువు. కానీ గది మొత్తం చూశాక బీరువా కింద కూడా చూసినట్టే లెక్క.

జూన్ 11, మంగళవారం

చెప్పడానికి ఇది సమయం కాదు. ముందు 37 దొరకాలి. ఒకటి తరవాత ఒకటి.

జూన్ 12, బుధవారం

దిద్దుని ఇత్తడి ముక్కల డబ్బాలో దాచాను. మా ఆవిడ డబ్బా తెరిచి, "ఇందులోనే పడిందేమో చూశారా?" అని వేలితో కెలకబోయింది. డబ్బా లాక్కున్నాను. ఇంట్లో దానికి చోటు లేదు. జేబులో పెట్టుకుంటే ఉతికేటప్పుడు బయటపడుతుంది. బయట పారేయడానికి నేను దొంగని కాను.

మధ్యాహ్నం విమానం పెట్టెలో వచ్చిన సూచనల పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. విమానానికి ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం ఉండాలి. అది నియమం. కిట్‌లో దానికి ఇచ్చింది వట్టి ప్లాస్టిక్ బొడిపె.

దిద్దు వెనక కాడ కత్తిరించి, రెక్క కొసన సన్నని రంధ్రం చేసి, సూపర్ గ్లూతో బిగించాను. కొంచెం పెద్దదే. అసలు విమానంలో అయితే చిన్న గుమ్మడికాయంత ఉంటుంది. కానీ రంగు మాత్రం కచ్చితంగా కుదిరింది. అందరి కళ్ళ ముందూ ఉంది కాబట్టి దాచానని కూడా ఎవరూ అనలేరు.

మా ఆవిడ చూసి, "ఇదొక్కటే బాగుంది మొత్తంలో" అంది.

జూన్ 14, శుక్రవారం

లిఫ్టు మేస్త్రీ ఇంటికి వచ్చాడు. బక్కపలచటి మనిషి. మా ఆఫీసు లిఫ్టుని పద్దెనిమిదేళ్ళుగా చూసుకుంటున్నది అతనే. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నాకూ నోటీసొచ్చింది సార్. ఇన్‌స్పెక్టర్ గారు తొమ్మిదంతస్తులూ స్వయంగా ఎక్కి దిగి చూసినప్పుడు బాగానే ఉంది కాబట్టి, తరవాత నేనే చెడగొట్టి ఉండాలట. నిర్లక్ష్యం అని రాశారు." కాగితం మడత విప్పి ఆ మాట మీద వేలు పెట్టి చూపించాడు. "ఆరో అంతస్తు దాటేటప్పుడు కుదుపు ఉంది, ఒకసారి ఎక్కి చూడండి సార్ అని ఆరోజు మీతో అన్నానా? నే చూసుకుంటాలే, నువ్వెళ్ళి టీ తాగి రా అన్నారు. నే వచ్చేసరికి సంతకం అయిపోయింది."

"చూశాను."

"కుదుపు తగల్లేదా సార్?"

"ఆరోజు తగల్లేదు."

నాతో వాదిస్తాడనుకున్నాను. "అయితే నా చెవిదే తప్పయి ఉంటుంది సార్. ఈమధ్య సరిగ్గా వినబడడం లేదేమో. పరీక్ష చేయించుకోవాలి" అన్నాడు.

నేను మాట మార్చి విమానం చూపించాను. అతను చేతులు తుడుచుకుని వంగి చూశాడు. కాక్‌పిట్‌లో ఎడమవైపు ఖాళీ ఎందుకుందని అడిగాడు. పుస్తకంలో 37 బొమ్మ చూపించి, పోయిందని చెప్పాను. ఈ మాత్రానికేనా అన్నట్టు నవ్వి, జేబులోంచి కరెంటు వైరు ముక్క తీసి, వెంట్రుకంత రాగి పోగు ఒకటి లాగాడు. గోటి మీద పెట్టి కొస వంచి, నొక్కి, కత్తిరించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇదిగోండి సార్. పని చేసే మీట కాదు కాబట్టి సరిపోతుంది."

అత్తగారు కాఫీ ఇస్తూ అతని వేళ్ళకేసి చూశారు. అతను వెళ్ళాక, "మంచి పనివాడు" అన్నారు.

జూన్ 15, శనివారం

రాగి మీట అతికించాను. అద్భుతంగా కుదిరింది. ఎటునుంచి చూసినా ముందు అదే కనబడుతోంది. కాగితం అడ్డం పెట్టి పని చేస్తున్నాను.

గది మీద ఆంక్షలు ఎత్తేశాను. ఎవరూ సంతోషించలేదు.

జూన్ 17, సోమవారం

మా ఆవిడ ల్యాబుకి వెళ్ళాక అత్తగారు వచ్చి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నా భూతద్దం తీసుకున్నారు.

"ఇది ఏమిటి అల్లుడుగారూ?"

"దీపం, అత్తయ్యగారూ. ఎడమవైపు ఎరుపు ఉండాలి."

"ఎవరు చేశారు?"

"కిట్‌తో పాటు వచ్చింది."

"మంచి కంపెనీ. రాయికి నాలుగు పళ్ళు పెట్టారు, అందులో ఒకటి విరిగితే మళ్ళీ అతికించారు. సరిగ్గా మా చిన్నదాని దిద్దుకి నేను అతికించినట్టే."

దొంగకి తేలు కుట్టినట్టయింది. బీరువా అన్నాను. బరువు అన్నాను. విచారణ అయ్యాక చెబుదామనుకున్నానన్నాను. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నా పెద్దకూతుర్ని రెండేళ్ళుగా పార్కులో బెంచీ మీద చూసుకుంటున్నాను. వానొస్తే చూసుకోవడం లేదు" అన్నారు. "నే చెప్పనా, మీరు చెప్తారా?"

"నేనే చెబుతాను. 21 దాటనివ్వండి."

"22."

"22."

లేస్తారనుకున్నాను. లేవలేదు. పట్టకారు ఇటివ్వమన్నారు. "ఆ చేతులతో ఇంకో నాలుగు పోగొడతారు. ఏ నంబరు చెప్పండి."

జూన్ 19, బుధవారం

రెండు రోజుల్లో నలభై ఒక్క భాగాలు. అత్తగారు ఆపరేషన్ అయిన కన్నూ కాని కన్నూ రెండూ చిట్లించి, ఊపిరి బిగబట్టి, ఒక్కటి కూడా జారకుండా పెట్టారు. చక్రాల దగ్గర గొట్టాలు, రెక్కల కింద చిల్లులున్న పలకలు. నేను నంబర్లు చదివేవాణ్ని మాత్రమే. చక్రం తలుపు వంచుతూ, తల ఎత్తకుండా అడిగారు.

"మీరు లిఫ్టు ఎందుకు ఎక్కరు అల్లుడుగారూ?"

"మెట్లు ఆరోగ్యానికి మంచివి. మోకాళ్ళకి."

"నా కంటి ఆపరేషన్‌కి ఏడో అంతస్తుకి వెళ్ళాం. మేం లిఫ్టులో వెళ్ళాం. మీరు పావుగంట తరవాత చెమటలు కక్కుకుంటూ వచ్చారు. ఎక్కడికెళ్ళారంటే బండి పార్కు చేసి వచ్చానన్నారు."

"అవును."

"మనకి బండి లేదు కదా బాబూ."

78వ నంబరు ఇచ్చాను. తీసుకున్నారు.

ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను కదా. పదకొండేళ్ళ కిందట, ఒక తనిఖీలో, ఒక లిఫ్టులో, నేను ఒక్కణ్నే, ఇరవై నిమిషాలు. దీపం కూడా ఆరిపోయింది. అంతే. అంతకంటే ఏమీ జరగలేదు. తరవాత మళ్ళీ ఎక్కలేదు.

జూన్ 21, శుక్రవారం

విచారణ తొమ్మిదో అంతస్తులో. గంట ముందే వెళ్ళి మెట్లు మొదలుపెట్టాను. మొదటి మలుపు దగ్గర వెనకనుంచి లిఫ్టు మేస్త్రీ వచ్చి నా సంచి అందుకున్నాడు. లిఫ్టు బాగయింది కదా, నువ్వెందుకు ఎక్కడం అన్నాను. "మీరొక్కరే ఎక్కుతున్నారు కదా సార్, తోడుగా ఉంటానని" అన్నాడు.

అయిదు దగ్గర అన్నాడు, "ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను సార్. ఆ నిర్లక్ష్యం అన్న మాట మాత్రం రాయొద్దని మీరొక ముక్క చెప్పండి. రోజూ పొద్దున్నే ఒక్కణ్నే ఎక్కి, తొమ్మిదంతస్తులూ కళ్ళు మూసుకుని వింటాను సార్ నేను."

ఆరో అంతస్తు మలుపులో ఒకాయన మెట్టు మీద కూలబడి రొప్పుతున్నాడు. మా పెద్దాఫీసరు. మమ్మల్ని చూసి టై సర్దుకున్నారు.

"మెట్లు ఆరోగ్యానికి మంచివి కదా" అన్నారు.

"అవునండీ. మోకాళ్ళకి" అన్నాను.

"నేనిలా వస్తున్నానని ఎవరితోనూ అనకండి."

దాటి పైకి వచ్చాక మేస్త్రీ ఆగిపోయాడు. నావైపు చూశాడు, కింద కూర్చున్న ఆయనవైపు చూశాడు, మళ్ళీ నావైపు చూశాడు.

"సార్... మీరు కూడానా?"

"పదకొండేళ్ళు."

"మరి తనిఖీ ఎలా చేసేవారు?"

"ప్రతి అంతస్తుకీ నడిచి ఎక్కి బటన్ నొక్కేవాణ్ని. తలుపు తెరుచుకుంటే టిక్కు పెట్టేవాణ్ని. నిజానికి మిగతా ఇన్‌స్పెక్టర్ల కంటే నేనే ఎక్కువ కష్టపడ్డాను."

తిడతాడేమోనని ఎదురుచూశాను. అతను నా సంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "అయితే నా చెవి బాగానే ఉందన్నమాట" అన్నాడు. అతని ముఖం చూడాల్సింది. నామీద కోపం రావాలని కూడా అతనికి తోచలేదు. రాగి పోగు వంచినరోజు నుంచి వారంపాటు ఈ మనిషి తన చెవిని అనుమానిస్తూ బతికాడు.

విచారణాధికారిణి నా సర్టిఫికెట్ తీసి, "తొమ్మిదంతస్తులూ స్వయంగా ఎక్కి పరీక్షించారు కదా?" అని అడిగారు. అవును అంటే అయిదు నిమిషాల్లో అయిపోయేది.

"లేదండీ. నేను లిఫ్టు ఎక్కలేదు. ఎక్కలేను. నాకు భయం. మేస్త్రీ కుదుపు ఉందని ముందే చెప్పాడు. అతన్ని టీకి పంపించేసి సంతకం పెట్టాను."

గుమాస్తా రాయడం ఆపేశాడు. అధికారిణి కళ్ళజోడు తీశారు. ఆవిడ ముఖంలోకి ఒక రకమైన గౌరవం వచ్చింది.

"మీ మంచితనం నాకు అర్థమైంది. చిన్న ఉద్యోగి బతుకు పాడవకూడదని తప్పు మీ మీద వేసుకుంటున్నారు. కానీ ఇలాంటి అబద్ధాలని నేను ఒప్పుకోను."

"అబద్ధం కాదండీ!"

"లిఫ్టుల ఇన్‌స్పెక్టర్‌కి లిఫ్టంటే భయమా? నేనిది పైకి పంపిస్తే నన్ను చూసి నవ్వుతారు. ఆధారం ఉందా?"

ఇరవై మూడేళ్ళ సర్వీసులో నేను నిజం చెబితే ఆధారం అడగడం ఇదే మొదటిసారి. అబద్ధానికి ఎవరూ అడగలేదు.

చివరికి భయాన్ని పరీక్షించాలని తీర్మానించారు. కింద డిస్పెన్సరీ నుంచి డాక్టరుని పిలిపించారు. అధికారిణి, గుమాస్తా, డాక్టరు, మేస్త్రీ, నేను లిఫ్టు ముందు నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. మేస్త్రీ చెయ్యి పట్టుకుని, "నేనున్నాను సార్, దీని సంగతి నాకు తెలుసు" అని లోపలికి నడిపించాడు. తొమ్మిది నుంచి ఎనిమిదికి పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లలో నేను లిఫ్టుల నిబంధనావళి మొదటి అధ్యాయం పైకి గట్టిగా అప్పజెప్పానట, డాక్టరు చొక్కా రెండు గుండీలు తెంపానట, ఎనిమిదో అంతస్తులో తలుపు తెరుచుకోగానే అక్కడ ఎదురుచూస్తున్న ఎవరో పెద్దావిడని "అమ్మా" అని కావలించుకున్నానట. నాకు గుర్తున్నది మేస్త్రీ చెయ్యి ఒక్కటే. గరుగ్గా ఉంది.

గుమాస్తా అక్కడే గోడకి కాగితం ఆనించి రాశాడు: 'ప్రత్యక్ష పరీక్షలో భయం నిర్ధారణ అయినది.' డాక్టరు తెగిన గుండీలు ఏరుకుంటూ సంతకం పెట్టాడు.

మేస్త్రీ మీద నోటీసు రద్దు. నేను ఎనిమిదంతస్తులూ నడిచి దిగాను. తేలిగ్గా ఉంది. చాలా తేలిగ్గా ఉంది. 22 రేపే అన్న సంగతి మూడో అంతస్తు దగ్గర గుర్తొచ్చింది.

జూన్ 22, శనివారం

చెప్పాను.

మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. విన్నది. చేతిలో ఉన్న తువ్వాలు మడత పూర్తి చేసింది. తరవాత వచ్చి రెక్క కొసన రాయి చూసింది.

"ఇదొక్కటే బాగుందన్నాను" అంది. "నాచేతే మెచ్చించుకున్నారు."

"అప్పుడే చెబుదామని..."

"అక్క కూతురి పెళ్ళికి నేను వెళ్ళలేదు. ఈ చేతులతో నీళ్ళు పోసి పెంచిన పిల్ల. పెళ్ళిరోజు ల్యాబులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ రక్తం తీశాను."

వంటింట్లోంచి కత్తి తెచ్చి రాయి ఊడదియ్యబోయింది. సూపర్ గ్లూ కదా, రాలేదు. గట్టిగా తిప్పింది. రెక్క మొదలంటా విరిగి చేతిలోకి వచ్చింది. దాని మీద అత్తగారు పెట్టిన ఇత్తడి పలకలు ఒక్కటీ ఊడలేదు. ఆ రెక్కని అలాగే తన లంచ్ బాక్సులో పెట్టి, మూత బిగించి, చెప్పులేసుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

అత్తగారు కిటికీ దగ్గర నిలబడి బస్సు వచ్చేదాకా చూశారు.

జూన్ 23, ఆదివారం

రాలేదు.

జూన్ 25, మంగళవారం

వచ్చింది. అరికాళ్ళు చూపించనా అని అడిగింది. నేను నవ్వాను. అది జోకు కాదు.

జూలై 2, మంగళవారం

ఉత్తర్వులు అందాయి. ఇన్‌స్పెక్టర్ పదవి పోయింది. ఇకనుంచి కింది అంతస్తులో అర్జీలు తీసుకునే కిటికీ దగ్గర కూర్చోవాలి. పదకొండేళ్ళలో నేను సంతకం పెట్టిన రెండు వందల పన్నెండు లిఫ్టులనీ మళ్ళీ తనిఖీ చేస్తున్నారు. మేస్త్రీని ఆ బృందంలో వేశారు. ఇప్పటికి పంతొమ్మిది ఆపేశారట. జాబితా నా కిటికీ పక్క గోడకే అంటించారు. నాలుగోది ప్రసూతి ఆసుపత్రిది. అక్కడ నేను టిక్కులు పెట్టినరోజు స్ట్రెచర్ మీద ఒకమ్మాయిని లోపలికి తోశారు. ఆ అమ్మాయి క్షేమంగానే దిగింది. నేను చూశాను. దిగడం నేను చూశాను.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. నాకు కాదు, మా ఆవిడకి. స్పీకర్లో పెట్టమందట.

"ఆ రెక్క నేను ఇవ్వను. అద్దాల బీరువాలో పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. ఇంకోటి. ఆరోజు ఎంతమంది ముందు ఆ కాగితం చదివారో, అన్ని ఇళ్ళకీ మరిదిగారు నాతో వచ్చి జరిగింది చెప్పాలి. ఒక్క ఇల్లూ తగ్గడానికి వీల్లేదు. ఆదివారం నుంచి మొదలు."

"అలాగే వదినా" అన్నాను.

"రాసుకొచ్చి చదవకూడదు. నోటితో చెప్పాలి."

జూలై 7, ఆదివారం

మొదటి ఇల్లు మా ఆవిడ మేనమామ గారిది. వదిన నాకంటే ముందే వచ్చి వీధి చివర నిలబడి ఉంది. రెండేళ్ళలో జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి పలకరించలేదు. నడవండి అన్నట్టు తల ఊపింది. మా ఆవిడా అత్తగారూ వెనక చేతులు పట్టుకుని వస్తున్నారు. దారంతా ఆ ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటూనే ఉన్నారు, అయినా నా గురించి కాదని అనుకుంటున్నాను.

మేనమామ గారికి ఎనభై దాటాయి. పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. వదిన నా ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. దిద్దు పోయిందనీ, వెతక్కుండానే వెతికానని రాశాననీ, వదిన మీద నింద వేశాననీ, అది బీరువా కిందే ఉందనీ, దొరికాక కూడా దాచి విమానానికి దీపంగా పెట్టాననీ. అంతా అయ్యాక ఆయన అడిగారు.

"ఏ దిద్దు?"

"ఆరోజు మా ఇంట్లో భోజనాలప్పుడు పోయిందండీ. నేను కాగితం చదివాను కదా."

"నువ్వు కాగితం తియ్యగానే నేను నిద్రపోయాను బాబూ. నువ్వేది చదివినా నేను నిద్రపోతాను." వదినవైపు తిరిగారు. "అదేమిటే, నిన్ను దొంగన్నాడా? నాకెవరూ చెప్పలేదే!"

రెండేళ్ళుగా ఆ సంగతి తెలియని మనిషి ఈ లోకంలో ఒక్కడున్నాడు. ఈరోజు నేను నడిచి వచ్చి చెప్పాను. వదిన పెదవులు బిగించింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. మా ఆవిడ కూడా అదే అనుకుని గబగబా దగ్గరికి వెళ్ళింది. దగ్గరికి వెళ్ళాక అదీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలిపోయి, ఊపిరాడక, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

ఆ చప్పుడుకి మేనమామ గారి భార్య చేతులు తుడుచుకుంటూ లోపల్నుంచి వచ్చి, ఏమిటే సంగతి అని అడిగింది.

వదిన కళ్ళు తుడుచుకుని, ముఖం గంభీరంగా పెట్టుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మళ్ళీ మొదటినుంచి చెప్పండి మరిదిగారూ. అత్తయ్య వినలేదు."